కంచరగాడిద బొమ్మలు

తాడేపల్లిగూడెం,
నవంబరు 18.

చి. అమ్మలుకి దొడ్డమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం, మీ పెదనాన్న మోకాళ్లు తప్ప. మొన్న రాత్రి నువ్వు ఫోన్లో అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు తోచలేదు. డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవమనీ, మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లల చేత మాజీ సైనికుల గురించి ఏదైనా చేయించమన్నారనీ చెప్పావు. ఒక పేజీ ఉపన్యాసం రాసిపెట్టు దొడ్డమ్మా, చురుకైన పిల్లాడి చేత బట్టీ పట్టిస్తాను అన్నావు.

నేను రాయనే. చేతకాక కాదు. ముప్పై అయిదేళ్ల ఉద్యోగంలో అలాంటివి ఎన్ని రాశానో, ఎంతమంది పిల్లలు వాటిని ఊపిరి తిప్పుకోకుండా మైకు ముందు అప్పజెప్పి బల్ల దిగిపోయారో లెక్క లేదు. వాళ్లలో ఎవరికైనా ఒక్క ముక్క గుర్తుందేమో అడిగి చూడు. రాసిన నాకే గుర్తులేదు.

నిన్నటి సంగతి ఒకటి చెబుతాను. పాస్‌బుక్‌లో లెక్కలు వేయించుకుందామని బ్యాంకుకి వెళ్లాను. నవంబరు కదా, మిలటరీ పింఛనువాళ్లు బతికే ఉన్నామని కాగితం ఇచ్చే నెల. లైన్లో నా ముందు మన పాత హవల్దారు గారు నిలబడి ఉన్నారు. ఎనభైకి దగ్గరపడ్డారు, అయినా నడుము మాత్రం నిటారే. వేలిముద్ర మిషను ఆయన వేళ్లని పట్టుకోవడం లేదు. బొటనవేలు పెట్టించారు, చూపుడు వేలు పెట్టించారు, తుడిచి మళ్లీ పెట్టించారు. రెండు వేళ్ల చివర్లు గాజులా నున్నగా ఉన్నాయి. ఎప్పుడో కాశ్మీరులో మంచు తినేసిన వేళ్లవి. వెనకనుంచి ఎవరో కుర్రాడు, "తాతా, కాస్త పక్కకి జరుగు, మా పని కానీ" అన్నాడు. తలుపు దగ్గర తుపాకీతో నిలబడే గార్డు, నలభై దాటి ఉంటాయేమో, ఆ మాట విని లోపలికొచ్చాడు. ఆయన చేతిలోని కాగితాలు చూశాడు. "రామ్ రామ్ సాబ్" అని కుర్చీ తెచ్చి వేశాడు. ఇద్దరికీ పరిచయమేమీ లేదట. ఆ గార్డూ మిలటరీలో చేసి వచ్చినవాడే.

నీ అయిదో తరగతి పిల్లల్ని ఒక్క పావుగంట ఆ లైన్లో నిలబెట్టగలిగితే నాకీ ఉత్తరం రాసే పని తప్పేది.

ముందు ఆ రోజు సంగతి నువ్వు సరిగ్గా తెలుసుకో. 1949లో మొదలైంది. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం, మూడు పట్టీల చిన్న జెండా. ఒకటి సైన్యానికి, ఒకటి నౌకాదళానికి, ఒకటి వైమానిక దళానికి. ఆ జెండాలిచ్చి జనం దగ్గర విరాళాలు తీసుకుంటారు. యుద్ధంలో దెబ్బతిన్నవాళ్లకీ, పోయినవాళ్ల ఇంట్లోవాళ్లకీ, పనిలో ఉన్న సైనికుల కుటుంబాలకీ, రిటైరై వచ్చినవాళ్లకీ ఆ డబ్బు. మా రోజుల్లో పైనుంచి బడికొక కట్ట వచ్చేది, ఇన్ని అమ్మాలని లెక్క. పిల్లలు రూపాయి తెస్తే ఒకటి ఇచ్చేవాళ్లం, మిగిలినవాటికి మా పర్సుల్లోంచి కట్టేవాళ్లం, లోలోపల సణుక్కుంటూ. ఒకసారి రెండో తరగతి పిల్ల ఆ జెండా స్టిక్కరుని నుదుట అంటించుకుని వచ్చింది. స్టిక్కరు బొట్టనుకుందట. స్టాఫ్‌రూంలో చెప్పుకుని అందరం నవ్వుకున్నాం. సాయంత్రం ఇంటికి నడిచి వస్తుంటే తోచింది, దాని దగ్గర రూపాయి తీసుకున్నానే గానీ ఆ రూపాయి ఎవరింటికి వెళ్తుందో ఒక్క మాటైనా చెప్పలేదని.

మాజీ సైనికులకని విడిగా ఇంకో రోజుంది, జనవరి 14. మన సైన్యానికి తొలి భారతీయ అధిపతి కరియప్ప 1953లో రిటైరైన రోజది. మనకి మాత్రం ఆ రోజుల్లో భోగిమంటలూ, పిండివంటలూ, కోడిపందాలూ. బడికి సెలవులు. అందుకే ఈ డిసెంబరునే గట్టిగా పట్టుకో. కరియప్ప గారిదే ఒక కథ పిల్లలకి బాగా పడుతుంది. 1965 యుద్ధంలో ఆయన కొడుకు, పైలట్, పాకిస్తాన్‌కి బందీగా చిక్కాడు. అక్కడి అధ్యక్షుడు అయూబ్ ఖాన్ దేశం ముక్కలు కాకముందు ఈయన దగ్గర పనిచేసినవాడే. మీ అబ్బాయిని ప్రత్యేకంగా చూస్తామని కబురు పంపితే, మిగతా బందీలని ఎలా చూస్తే వాణ్ణీ అలాగే చూడమన్నారట ఈయన. నేనిది చెప్పి చప్పట్ల కోసం ఆగాను. మూడో తరగతి పిల్ల చెయ్యెత్తి, "ఇంటికొచ్చాక ఆ అబ్బాయి వాళ్ల నాన్నతో మాట్లాడాడా, అలిగాడా?" అంది. ఆ కొడుకు క్షేమంగా వచ్చాడనీ, పెద్దయ్యాక ఎయిర్ మార్షల్ కూడా అయ్యాడనీ చెప్పగలిగాను. అలిగాడో లేదో ఇప్పటికీ నాకు తెలీదు. కథ మొత్తంలో అడగవలసిన ప్రశ్న మాత్రం అదే.

ఇక హవల్దారు గారి సంగతి. నీకు ఈ ఉత్తరం ఆయన కోసమే రాస్తున్నాననుకో.

కార్గిల్ అయిన రెండో ఏడో, మూడో ఏడో. నేను పనిచేసే ఊళ్లో రిటైరైన హవల్దారు ఉన్నారని తెలిసి జెండా రోజుకి పిలిచాం. పిలిచామంటే, ఒక పిల్లాడి చేత చీటీ పంపాం, పదింటికి రమ్మని. ఆయన తొమ్మిదీ ముప్పావుకే వచ్చేశారు. ముదురు నీలం బ్లేజరు, గుండెల మీద మెడల్స్ వరస, అద్దంలా మెరిసే బూట్లు. డిసెంబరే అయినా ఎండ చురుక్కుమంటోంది. షామియానా నీడ పెద్దవాళ్ల వరకే వచ్చింది. ముఖ్య అతిథి వచ్చేసరికి పన్నెండు కావస్తోంది. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు మాట్లాడారు. సైనికుణ్ణి సినిమాలో తప్ప ఎప్పుడూ చూడనివాళ్లు కూడా సరిహద్దుల గురించి గొంతు పగిలేలా చెప్పారు. సరిహద్దు చూసినాయన చివరి కుర్చీలో కూర్చుని వింటున్నారు. శాలువా కప్పారు, ఫోటో తీశారు. ఆఖరికి మా హెడ్మాస్టరు గారు వాచీ చూసుకుంటూ, "రెండు మాటలు" అన్నారు.

ఆయన లేచారు. నోరు తెరవకముందే నాలుగో తరగతి పిల్లాడొకడు నిలబడి అడిగేశాడు: "మీరు ఎంతమందిని చంపారండీ?"

హెడ్మాస్టరు గారు "కూర్చోరా వెధవా" అన్నారు. పిల్లలు కిసుక్కుమన్నారు. హవల్దారు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత, "బాబూ, నా దగ్గర లక్ష్మి ఉండేది" అన్నారు.

లక్ష్మి అంటే కంచరగాడిద.

ఆయన పనిచేసింది సైన్యానికి సరుకు మోసే విభాగంలో, అందులోనూ జంతువుల దళంలో. లారీ పోలేని కొండదారుల్లో బియ్యం, పప్పు, కిరోసిను, మందుగుండు కంచరగాడిదల మీదే వెళ్తాయి. ఒక్కో దానికి ఒక్కో మనిషి. సైన్యం లెక్కలో వాటికి పేర్లుండవు, గిట్ట మీద నంబరుంటుంది. పేరు పెట్టుకునేది దాన్ని నడిపేవాడు. మన గోదావరి మనిషి కనుక ఈయన లక్ష్మి అని పెట్టుకున్నారు. ముందు దానికి నీళ్లు, తర్వాతే మనకి, అది అక్కడి రూలు అన్నారు. రాత్రిపూట దీపం వెలిగించకూడదు. పక్కన లోయ. అలాంటప్పుడు లక్ష్మి తోక పట్టుకుని నడిచేవాణ్ణి, దానికి దారి తెలుసు, నాకు తెలీదు అన్నారు. మంచులో అది ఎక్కడైనా ఆగిపోయిందంటే ఇక కదిలేది కాదట, కొట్టినా సరే. ఒకసారి అలా ఆగితే ఈయన తిట్టి ముందుకి అడుగు వేయబోయారు. నేల లేదు. పైన మంచు మాత్రం పరుచుకుని ఉంది.

రెండొందల మంది పిల్లలు, అమ్మలూ, ఒక్కరు కదిలితే ఒట్టు. ఆయన తెలుగులో సగం హిందీ. "సామాన్ లోడ్ చేసి ఫటాఫట్ నికల్ పడాలి" అంటే మొదట నవ్వారు, తర్వాత నవ్వడం మర్చిపోయారు. ముందు వరసలోని పిల్ల, "లక్ష్మి ఇప్పుడెక్కడుందండీ?" అంది.

ఆయన మళ్లీ కళ్లజోడు తీశారు. "నేను పెన్షనుకి వచ్చేటప్పటికి అది ఇంకా డ్యూటీలోనే ఉందమ్మా" అన్నారు. అంతకుమించి మాట్లాడలేకపోయారు. శాలువా అక్కడే కుర్చీలో మర్చిపోయి దిగిపోయారు.

మర్నాడు డ్రాయింగ్ పీరియడ్‌లో సైనికుడి బొమ్మ వేయమంటే తరగతి తరగతంతా కంచరగాడిదలే. మూపురం పెట్టిన గాడిదలు, కొమ్ములున్న గాడిదలు, ఒక దానికి కాళ్లకి బూట్లు కూడా. ఒకడు మాత్రం గాడిద తోక ఒక్కటే పెద్దగా వేసి, దాన్ని పట్టుకున్న చెయ్యి వేశాడు. గోడకి పెట్టడానికి ట్యాంకులూ తుపాకులూ కావాలని హెడ్మాస్టరు గారు విసుక్కున్నారు. నేను ఆ కాగితాలన్నీ దాచాను.

శాలువా ఇవ్వడానికి వెళ్తే ఆయన సైకిలు తాళం తీసుకుంటూ అన్నారు: "ఆ పిల్లాణ్ణి ఏమనకండి టీచరుగారూ. ఆ ప్రశ్నకి మా ఆవిడకే ఇంతవరకూ జవాబు చెప్పలేదు."

నువ్వు నేర్చుకోవలసినవి ఇందులోనే ఉన్నాయి. కాస్త విడమరుస్తాను, నా పాత అలవాటు.

పిలవడానికి నువ్వే వెళ్లు. చీటీలు, వాట్సాప్ కబుర్లు వద్దు. వారం ముందు వెళ్లి కూర్చుని, ఏం అడిగితే బాగుంటుంది, ఏది అడగొద్దు అని ఆయన్నే అడుగు. కొందరికి కొన్ని ఏళ్లు, కొన్ని ఊళ్లు ఎత్తకూడదు. 1987 నుంచి 1990 దాకా శ్రీలంకకి మన శాంతి దళం వెళ్లింది, వెయ్యిమందికి పైగా తిరిగి రాలేదు. కార్గిల్ గురించి ప్రతి పిల్లాడికీ తెలుసు, వీళ్ల సంగతి టీచర్లలోనే చాలామందికి తెలీదు. అటు వెళ్లి వచ్చినవాళ్లు ఎదురైతే వాళ్లంతట వాళ్లు చెప్పేదాకా ఆగు. మైకు వద్దు. వేపచెట్టు కింద చాపలు పరిచి, ఒక్క తరగతినే గుండ్రంగా కూర్చోబెట్టి, ఆయనకి మంచి కుర్చీ నీడలో వేయించు. అరగంట చాలు. ఆయన భార్యనీ పిలు. ఇరవై ఏళ్లు ఇల్లూ, పొలం, అత్తమామలు, పిల్లల జ్వరాలూ ఒంటిచేత్తో లాక్కొచ్చినావిడ వంటింటి గుమ్మంలో ఉండిపోతుంది. ఆవిణ్ణి కూడా అడిగేవి ఉంటాయి పిల్లలకి.

ప్రశ్నలు నువ్వు రాసివ్వకు. ముందురోజు పిల్లల్నే రాయమను. దాదాపు అన్నీ తిండి, నిద్ర, స్నానం, చలి, అమ్మ మీద బెంగ, ఇలాంటివే ఉంటాయి. పెద్దవాళ్లకి అవి చిన్నతనంగా కనిపిస్తాయి. ఆయనకి మాత్రం ఇన్నేళ్లలో ఎవరూ అడగనివి అవే. ఊళ్లో ఆయన్ని పలకరించేవాళ్లలో సగం మంది కాంటీను కోటా కోసం పలకరించేవాళ్లేనని నీకు నేను చెప్పాలా? చంపడం గురించి ఎవడో ఒకడు అడుగుతాడు, తప్పదు. వాణ్ణి తిట్టకు. సినిమాల్లో వాడు చూసింది అదొక్కటే. "అది ఆయన చెప్పాలనుకుంటే చెప్తారు, నీ రెండో ప్రశ్న అడుగు" అను. ఈ సంగతి ఆయనకి ముందే చెప్పి ఉంచు.

వైజాగులో ఇలాంటిదే ఒకటి చూశాను. రామకృష్ణ బీచిలో కురుసుర జలాంతర్గామి ఉంది కదా. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విశ్రాంతి తీసుకుని, 2002లో మ్యూజియం అయింది. తొంభై మీటర్ల పొడవు ఇనుప గొట్టం, అందులో డెబ్బై మందికి పైగా మనుషులు. లోపల చూపించేది నౌకాదళంలో చేసి రిటైరైనవాళ్లే. మాకు చూపించినాయన టార్పెడోల గురించి ఏదో పాఠంలా చెప్పుకుపోతున్నాడు, రోజుకి ఎన్నిసార్లు చెప్తాడో పాపం. మా పిల్లాడొకడు మధ్యలో, "మీకు స్నానాలెక్కడండీ?" అన్నాడు. ఆయన ఆగి పకపకా నవ్వాడు. మంచినీళ్లకి ఎంత కటకటో, వారాల తరబడి ఒకే బట్టలతో ఎలా ఉండేవాళ్లో, పైకొచ్చి గాలి పీల్చుకున్నప్పుడు ఎలా ఉండేదో ఇరవై నిమిషాలు చెప్పాడు. వెనకాల వేరే బడి పిల్లలు క్యూలో తోసుకుంటున్నా ఆపలేదు. వీలైతే నీ పిల్లల్ని తీసుకెళ్లు. అంత దూరం కాదనుకుంటే మన మండలంలోనే మాధవరం ఉంది. మిలటరీ మాధవరమని ఎందుకంటారో పిల్లలకి చెప్పనక్కర్లేదు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ ఇంటింటా సైనికులున్న ఊరు. ఎవరింటి అరుగు మీద కూర్చున్నా వాళ్లే చెప్తారు.

మీ ఊళ్లో ఎవరూ లేరనకు. పిల్లల్నే వెతకమను. "మీ వీధిలో మిలటరీలో పనిచేసినవాళ్లెవరు?" అని ఇంట్లో అడిగి రమ్మంటే చాలు. ముసలివాళ్ల కోసమే చూడొద్దని ముందే చెప్పు. జవాను పదిహేడేళ్లో, ఇరవై ఏళ్లో చేసి నలభై ఆ చుట్టుపక్కలే ఇంటికొచ్చేస్తాడు. 2022 నుంచి చేరుతున్న అగ్నివీరుల్లో ఎక్కువమంది నాలుగేళ్లకే వస్తారు. ఏటీఎం దగ్గర గార్డు, కొబ్బరితోటలో ఎరువు వేస్తున్నాయన, స్కూలు బస్సు డ్రైవరు, ఎవరైనా కావచ్చు. నేనోసారి ఇలా వెతికిస్తే ఒక వంటాయన దొరికాడు, ఒక మంగలి, వైర్‌లెస్ సెట్లు బాగుచేసేవాడు, మిలటరీ ఆసుపత్రిలో పనిచేసిన నర్సు దొరికారు. నర్సుని చూసి మగపిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. వంటాయన అయితే మూడొందల మందికి చపాతీలు ఎలా చేస్తారో చేత్తో చూపించాడు. అంతకంటే బాగా సాగిన క్లాసు నేను చూడలేదు. అప్పటికీ ఎవరూ దొరక్కపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడుగు.

ఇప్పుడు నా తప్పొకటి. నువ్వు చేయకుండా ఉండాలనే చెబుతున్నాను.

1999, బళ్లు తెరిచిన రోజులు. కార్గిల్ యుద్ధం ఇంటింటి టీవీలోకీ వచ్చేసింది. నేను మహా ఉత్సాహంగా తరగతి గోడకి ఒక బోర్డు పెట్టి, రోజూ పేపర్లోంచి ఫోటోలు కత్తిరించి అంటించేదాన్ని. కొండలు, తుపాకులు, జెండా కప్పిన పెట్టెలు. పిల్లల చేత పేర్లు చదివించేదాన్ని. పదిరోజులకి ఒక పిల్లాడు బడి మానేశాడు. ఇంటికి వెళ్తే వాళ్లమ్మ గేదెకి కుడితి పెడుతోంది. "మా పెద్దాడు అక్కడే ఉన్నాడండీ. వీడు ఇంటికొచ్చి ఇవాళ పెట్టెలు ఎన్నో చెప్తున్నాడు. రాత్రి నిద్రలో లెక్కపెడుతున్నాడు" అంది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ యుద్ధంలో మనవాళ్లు 527 మంది పోయారు. ఆ పిల్లాడి అన్న తిరిగొచ్చాడు. అయినా ఆ బోర్డు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గే.

అందుకని నీ తరగతిలో ఎవరి నాన్న, ఎవరి అన్న సైన్యంలో ఉన్నారో ముందు కనుక్కో. ఆ పిల్లని లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టించకు. వాళ్లమ్మ దగ్గరికి వెళ్లి, ఏది చెప్పమంటారు, ఏది వద్దంటారు అని అడుగు. పోయినవాళ్ల గురించి చెప్పొద్దని కాదు. సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివినాయన, 2020 జూన్ 15న గల్వాన్‌లో పోయారు, మహావీర చక్ర ఇచ్చారు. మన పిల్లలకి ఆ పేరు తెలిసి ఉండాలి. అయితే ఎలా పోయారో చెప్పడం దగ్గరే ఆగిపోతాం మనం. కోరుకొండ హాస్టల్లో నీ పిల్లల వయసుకి కాస్త పెద్దవాడిగా ట్రంకుపెట్టె సర్దుకున్న కుర్రాడి దగ్గర మొదలుపెట్టి చూడు.

ఇంకోటి. ఎవడో ఒకడు లేచి పాకిస్తాన్ వాళ్లందరినీ చంపేయాలంటాడు. తరగతిలో సగం మంది అరుస్తారు కూడా. అప్పుడు 1971 చెప్పు. డిసెంబరు 16న ఢాకాలో అవతలి సైన్యం లొంగిపోతే 93,000 మంది బందీలయ్యారు. వాళ్లని తెచ్చి, తిండి పెట్టి, ఉత్తరాలు రాసుకోనిచ్చి, తర్వాత ఇంటికి పంపారు. ఆ పంపిన సైన్యమూ మనదే. ఎనిమిదేళ్ల పిల్లలకి ద్వేషం మనం నూరిపోయనక్కర్లేదు, దానికి వేరే బళ్లున్నాయి. హవల్దారు గారి నోట అన్నేళ్లలో అవతలివాళ్ల మీద ఒక్క తిట్టు నేను వినలేదు. కానీ ఎప్పుడో ఒకసారి తక్కువ తూకం బియ్యం పంపిన సప్లై వాళ్లని మాత్రం ఇప్పటికీ తిడతారు.

వ్యాసాలు రాయిస్తే చివర "నేను కూడా పెద్దయ్యాక సైన్యంలో చేరి దేశసేవ చేస్తాను" అనే వాక్యం రాయొద్దని గట్టిగా చెప్పు. అందరూ అదే రాస్తారు, మనం నేర్పాం కనుక. అది తీసేయమంటే అప్పుడు అసలైనవి వస్తాయి. నాలుగో తరగతి పిల్ల ఒకసారి ఇలా రాసింది: మా తాతకి చెముడు, పెద్ద ఫిరంగి దగ్గర పనిచేశాడు, అందుకని మా ఇంట్లో అందరం గట్టిగా అరిచి మాట్లాడతాం, మా ఇంటికి వచ్చినవాళ్లు పోట్లాడుకుంటున్నాం అనుకుంటారు. నాలుగు వాక్యాలు. పదికి పది వేశాను. అందరి ముందూ చదవనా అని ముందు దాన్నే అడిగాను. వద్దంది. చదవలేదు.

ఉత్తరాలు రాయించాలని ఉంటే రాయించు. కార్డు మీద బంగారు రంగు పూసి "వీర జవానుకి జోహార్లు" అనేవి కాదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఊళ్లో చదువురాని తల్లులు ఇన్లాండ్ కవరు చీర కొంగులో దాచుకుని తెచ్చి, "టీచరమ్మా, కాస్త చదివిపెట్టు" అనేవాళ్లు. అడ్రసు దగ్గర ఊరి పేరుండేది కాదు, "కేరాఫ్ 56 ఏ.పి.ఓ." అని మాత్రమే. కొడుకు మంచులో ఉన్నాడో, ఎడారిలో ఉన్నాడో తల్లికి తెలీదు. ఒకావిడ ఆ యాభై ఆరు అనే ఊరు ఎటుందమ్మా అని అడిగింది. ఆ ఉత్తరాలకి జవాబులు కూడా నేనే రాసేదాన్ని. ఆవిడ చెప్పేది: గేదె ఈనింది, పెయ్యదూడ. చెరువుగట్టు తెగింది, మళ్లీ వేశారు. నీ చెల్లెలు పుష్పవతి అయింది, ఫంక్షన్ నువ్వొచ్చాకే. దేశం, ధైర్యం అనే మాటలు ఒక్కటి ఉండేవి కావు. కొడుకు తిరుగుటపాలో దూడకి ఏం పేరు పెట్టారని అడిగేవాడు. నీ పిల్లల చేత అలాంటివి రాయించు. మీ ఊళ్లో వాన పడిందా, బడి గోడకి కొత్త రంగు వేశారా, క్రికెట్లో ఎవడు అవుటయ్యాడు. చేరవలసిన మనిషి పక్క వీధిలో ఉన్నా పోస్టులోనే పంపించు. కవరు మీద తన పేరు ముందు హవల్దారు అనో, నాయక్ అనో పిల్లల రాతలో చూసుకుంటే ఆ ముసలాయన ఏమవుతాడో నాకు తెలుసు. మనకి చెప్పడు గానీ.

ఫ్యాన్సీ డ్రెస్ పెట్టాలని మీ హెడ్మాస్టరు పట్టుబడితే పెట్టు. కాటుక మీసాలు, అట్ట తుపాకులు పిల్లలకి సరదా, దానికి నేను అడ్డు రాను. ఒకడికి మాత్రం అట్ట తుపాకీ బదులు గరిటె ఇచ్చి పంపు.

నిన్న బ్యాంకులోంచి బయటికొచ్చాక హవల్దారు గారితో నీ సంగతి చెప్పాను. మా చెల్లెలి కూతురు, కొత్తగా టీచరు ఉద్యోగం వచ్చింది, మీ దగ్గరికి పంపుతాను అన్నాను. "శాలువా వద్దని చెప్పండి, ఇంట్లో ఆరున్నాయి" అన్నారు. ఫోను ఎత్తరు, చెవి తగ్గింది. రోజూ సాయంత్రం అయిదున్నరకి మీ బస్టాపు ఎదురుగా టీ బడ్డీ దగ్గర కూర్చుంటారు. ఆయనకి చక్కెర లేని టీ. ముందు నువ్వు డబ్బులిస్తానంటే ఒప్పుకోరు, ఊరుకో. గాడిద బొమ్మలు నా ట్రంకుపెట్టెలోనే ఉన్నాయి, చెదలు పట్టనివి పదకొండు. ఆదివారం మీ పెదనాన్న అటు వస్తారు, ఆయన చేత పంపిస్తున్నాను. తోక పట్టుకున్న చెయ్యి బొమ్మ అన్నిటికంటే కింద ఉంటుంది, అది ముందు తీసి హవల్దారు గారికి చూపించు. ఇన్నేళ్లూ చూపించలేదు నేను.

మీ అమ్మని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
దొడ్డమ్మ